మర్ఫీ నీలం పుస్తకం: తెలుగు మీడియం నుంచి వచ్చిన నాకు ఎక్కడ పనికొచ్చింది, ఎక్కడ పనికిరాలేదు

ఆసుపత్రి ఫ్రంట్ ఆఫీసులో ఉద్యోగానికి చేరిన రెండో వారంలో ఒక ఫోన్ వచ్చింది. అవతల ఒక పెద్దాయన, "కెన్ యు పుట్ మి త్రూ టు బిల్లింగ్?" అన్నారు. పుట్ తెలుసు, మి తెలుసు, త్రూ తెలుసు, టు తెలుసు, అన్నీ ఏడో క్లాసులోపే నేర్చుకున్న మాటలే, కానీ నాలుగూ కలిపి ఆయన ఏమడుగుతున్నారో నాకు అర్థం కాలేదు. మూడుసార్లు "సారీ సర్" అన్నాను. ఆయన విసుక్కుని పెట్టేశారు. బిల్లింగ్ వాళ్ళకి లైన్ కలపమని అడిగారని పక్క సీటు అక్క చెప్పింది. ఆ రాత్రి హాస్టల్లో అన్నం తినబుద్ధి కాలేదు.

ఇది ఎందుకు చెప్తున్నానంటే, నేను రాస్తున్నది రేమండ్ మర్ఫీ గారి 'ఇంగ్లీష్ గ్రామర్ ఇన్ యూజ్' గురించి, ఆ పుస్తకం కొనడానికి కారణం ఆ ఫోనే. ఏడాదిన్నర వాడాక రాస్తున్నాను కాబట్టి మొదటి వారం ఉత్సాహంతో రాసిన రివ్యూ కాదు ఇది.

ముందు నా సంగతి కొంచెం. ఖమ్మం జిల్లాలో జిల్లా పరిషత్ హైస్కూల్, టెన్త్ దాకా తెలుగు మీడియం. డిగ్రీ ఇంగ్లీష్ మీడియమే అయినా గైడ్లు బట్టీ పట్టి పాసయ్యాను. హైదరాబాద్ వచ్చాక అమీర్‌పేటలో ఒక చోట రెండు నెలలు స్పోకెన్ ఇంగ్లీష్ క్లాసుకి వెళ్ళాను, పేరు చెప్పను. అక్కడ 12 టెన్సుల చార్టు గోడ మీద పెట్టి రోజూ చదివించేవాళ్ళు. "ఐ గో, ఐ యామ్ గోయింగ్, ఐ హావ్ గాన్" నిద్రలో లేపినా చెప్పగలిగేదాన్ని. కానీ గో తర్వాత ఏం రావాలి, టెల్ తర్వాత టు పెట్టాలా వద్దా, లుక్ పక్కన ఎట్ వస్తే ఏంటి ఫర్ వస్తే ఏంటి, ఇది ఎవరూ చెప్పలేదు. ప్రిపొజిషన్లు అంటే ఒక రోజు క్లాసు, టేబుల్ మీద పుస్తకం, టేబుల్ కింద పిల్లి బొమ్మ, అంతే. నా ఇంగ్లీష్ ఆగిపోయేది సరిగ్గా అక్కడే. క్రియ దాకా వచ్చేదాన్ని, ఆ తర్వాత ఆ మనిషిని, ఆ చిన్న మాటని ఎలా అతికించాలో తెలిసేది కాదు.

ఇక పుస్తకం. కేంబ్రిడ్జ్ యూనివర్సిటీ ప్రెస్ వాళ్ళది, మొదటిసారి 1985లో వచ్చింది, నేను వాడింది 2019లో వచ్చిన ఐదో ఎడిషన్. మొత్తం 145 యూనిట్లు. ప్రతి యూనిట్ రెండే పేజీలు: ఎడమ వైపు వివరణ, కుడి వైపు ఎక్సర్‌సైజులు. ఈ ఒక్క ఏర్పాటు వల్లే నేను పుస్తకాన్ని మధ్యలో వదిలేయలేదు అనుకుంటా. డ్యూటీ అయి వచ్చి అలసిపోయినా రెండు పేజీలు తెరిచి పెట్టుకుంటే ఇవాళ్టి పని ఎంతో కంటి ముందు కనిపిస్తుంది. వరసగా చదవాల్సిన అవసరం కూడా లేదు, మనకి ఏది రాదో అదే తీసుకోవచ్చు. వెనకాల ఒక స్టడీ గైడ్ ఉంటుంది, చిన్న టెస్టు లాంటిది, ఏ యూనిట్ చదవాలో అదే చెప్తుంది.

నేను మొదటి యూనిట్ నుంచి మొదలుపెట్టలేదు. టెన్సులు మళ్ళీ చూడాలంటేనే మనసు ఒప్పలేదు. 121కి వెళ్ళాను. 121 నుంచి 136 దాకా ప్రిపొజిషన్లు, 137 నుంచి 145 దాకా ఫ్రేజల్ వెర్బులు, అంటే టర్న్ ఆఫ్ లాంటి రెండు మాటలు కలిసిన క్రియలు. ఈ 25 యూనిట్లే నాకు అసలు పుస్తకం. మిగతావన్నీ వీటి చుట్టూ అవసరమైనప్పుడు తిరగేసినవే.

ఇక్కడ మన భాష గురించి కాస్త మాట్లాడాలి, ఎందుకంటే పుస్తకం ఆ మాట చెప్పదు, మనమే పట్టుకోవాలి. తెలుగులో 'వచ్చాను' అంటే చాలు, 'నేను' అందులోనే ఉంది. 'కి', 'తో', 'లో' లాంటివి పేరుకి అతుక్కుని ఉంటాయి, క్రియ తాపీగా చివర్న వస్తుంది. కాబట్టి మనం మనిషిని, ఆ ప్రత్యయాన్ని కలిపి ఒక ముద్దగా ఆలోచిస్తాం: నాకు, నాతో, నా గురించి. ఇంగ్లీషులో ముద్ద వేరే చోట కడుతుంది. అక్కడ క్రియే ముందు నిలబడి తన వెనక ఏం రావాలో నిర్ణయిస్తుంది. లిజన్ అంటే టు కావాలి, టెల్ అంటే నేరుగా మనిషి కావాలి, ఎక్స్‌ప్లెయిన్ అంటే ముందు విషయం, తర్వాత టు, తర్వాత మనిషి. ఒక్క మన 'కి' తీసుకోండి. ఊరికి వెళ్ళాను, అయిదింటికి లేచాను, అమ్మకి చెప్పాను, ఈ చీరకి ఎంత ఇచ్చావు, నాకు ఆకలేస్తోంది. ఇంగ్లీషులో మొదటిది టు, రెండోది ఎట్, మూడోది టెల్ వాడితే ఏమీ ఉండదు, నాలుగోది ఫర్, అయిదోది ఏకంగా 'ఐ' అయి వాక్యం ముందుకి వచ్చి కూర్చుంటుంది. 'కి' అంటే టు అని స్కూల్లో నేర్చుకున్న మనిషి ఈ అయిదింట్లో నాలుగు చోట్ల తప్పు చేస్తాడు. తప్పు ఆ మనిషిది కాదు, నేర్పిన పద్ధతిది.

మర్ఫీ గారి పుస్తకం చేసిన మేలు ఇదే. 132 నుంచి 136 దాకా అయిదు యూనిట్లు పూర్తిగా క్రియ ప్లస్ ప్రిపొజిషన్ కిందే పెట్టారు. టు మీద ఒక పాఠం, ఫర్ మీద ఒక పాఠం అని మామూలుగా చెప్పేసి ఊరుకోకుండా క్రియని పట్టుకుని దాని వెంట ఏది వస్తుందో చూపిస్తారు, అంతకంటే ముఖ్యంగా ఏది రాకూడదో కూడా చూపిస్తారు. "డిస్కస్ అబౌట్ ఇట్" అని నేను ఎన్ని మెయిళ్ళలో రాశానో. 'దాని గురించి చర్చించాం' అని తెలుగులో అనుకుంటే అబౌట్ దానంతట అదే వచ్చేస్తుంది. డిస్కస్ తర్వాత ఏ ప్రిపొజిషనూ వద్దని అందులో స్పష్టంగా ఉంది. థ్యాంక్, ఆస్క్, ఆన్సర్ తర్వాత టు రాదని కూడా. 'ఆయనకి థ్యాంక్స్ చెప్పాను' అనుకుని "ఐ థ్యాంక్‌డ్ టు హిమ్" అనేదాన్ని, ఇప్పుడు అనను. "ఎక్స్‌ప్లెయిన్ మి" అనేది ఆఫీసులో సగం మంది అంటారు, నేనూ అనేదాన్ని. "ఎక్స్‌ప్లెయిన్ ఇట్ టు మి" అనాలి.

ఇంకో రెండు చోట్ల ఆగి మరీ చదివాను. షౌట్ ఎట్ అంటే కోపంతో అరవడం, షౌట్ టు అంటే దూరంగా ఉన్నవాళ్ళకి వినపడాలని అరవడం. థ్రో ఎట్ అంటే తగలాలని విసరడం, థ్రో టు అంటే పట్టుకుంటారని విసరడం. ఎట్ వచ్చినచోట అవతలి మనిషి ఒక గురి, టు వచ్చినచోట అందుకునేవాడు. మనకీ ఈ తేడా ఉంది కదా, 'వాడి మీద అరిచాను' వేరు, 'వాణ్ణి కేకేసి పిలిచాను' వేరు. ఇలా మన మాటతో పోల్చుకున్నాక ఆ యూనిట్ నాకు మళ్ళీ తెరవాల్సిన పని పడలేదు.

137లో ఫ్రేజల్ వెర్బులు మొదలవుతాయి, నేను ఎక్కువ రోజులు ఉండిపోయింది అక్కడే. ఫ్యాన్ ఆపాలి. "టర్న్ ఆఫ్ ద ఫ్యాన్" అనొచ్చు, "టర్న్ ద ఫ్యాన్ ఆఫ్" అనొచ్చు. కానీ ఫ్యాన్ బదులు ఇట్ అంటే మాత్రం ఒకటే దారి: "టర్న్ ఇట్ ఆఫ్". ఇట్, హిమ్, హర్, మి, దెమ్ లాంటి మాటలు మధ్యలోకే వెళ్ళాలి. ఈ సూత్రం అక్కడ రెండు లైన్లలో ఉంటుంది, నాకు అది పెద్ద తలుపు తెరిచినట్టు అనిపించింది. పుట్ మి త్రూ. 'మి' మధ్యలో ఎందుకుందో, పుట్, త్రూ రెండూ కలిపి ఒకే క్రియ అని ఆ రోజు తెలిసింది. ఆ పెద్దాయన మాటని నేను నాలుగు ముక్కలుగా విన్నాను. ఆయన అన్నది ఒక క్రియ, దాని మధ్యలో ఒక మనిషి, చివర్న ఎక్కడికో చెప్పే టు.

అయితే ఇదే సూత్రం అన్నిటికీ పెడితే మళ్ళీ పొరపాటే. "లుక్ ఆఫ్టర్ హిమ్" అనాలి, "లుక్ హిమ్ ఆఫ్టర్" అనకూడదు. ఎందుకంటే అక్కడ ఆఫ్టర్ నిజంగా ప్రిపొజిషన్, తన మనిషిని తన వెనకే ఉంచుకుంటుంది. టర్న్ ఆఫ్‌లో ఆఫ్ క్రియలో భాగం, కాబట్టి ఇట్‌కి దారి ఇస్తుంది. పుస్తకంలో లుక్ ఆఫ్టర్ ఒక భాగంలో, టర్న్ ఆఫ్ ఇంకో భాగంలో ఉన్నాయి. రెండూ పక్కపక్కన పెట్టి తేడా చూపించి ఉంటే ఎంత బాగుండేదో. నేను సొంతంగా నోట్‌బుక్కులో రెండు వరసలు గీసుకుని విడదీసుకున్నాను, మీరూ అలాగే చేయండి.

సర్వనామాల దగ్గర 82వ యూనిట్ తప్పకుండా చదవండి. మైసెల్ఫ్, యువర్‌సెల్ఫ్ ఎప్పుడు రావాలో అందులో ఉంది. పరిచయం చేసుకునేటప్పుడు "మైసెల్ఫ్" అని మొదలుపెట్టడం మన దగ్గర చాలామందికి అలవాటు, ఇంటర్వ్యూలో నేనూ అలాగే మొదలుపెట్టాను. "ఐ యామ్" అంటే సరిపోతుంది. ఇంకోటి, తెలుగులో 'కొను' ఉందిగా, చేసుకున్నా, తెచ్చుకున్నా, వండుకున్నా అని మనం రోజంతా వాడుతూనే ఉంటాం, అది ఎక్కడుంటే అక్కడ మైసెల్ఫ్ పెట్టాలనిపిస్తుంది. "గొడుగు నాతో తెచ్చుకున్నాను" అంటే "విత్ మి" అంటారు, "విత్ మైసెల్ఫ్" అనరు. రిలాక్స్, కాన్సంట్రేట్ లాంటివాటికి కూడా అక్కర్లేదు. కానీ ఎంజాయ్‌కి కావాలి. పెళ్ళికి వెళ్ళొచ్చి "ఐ ఎంజాయ్‌డ్" అని ఆపేస్తే వాక్యం సగంలో ఉన్నట్టు, "ఐ ఎంజాయ్‌డ్ మైసెల్ఫ్" అనాలి, లేదా దేన్ని ఎంజాయ్ చేశామో చెప్పాలి.

84వ యూనిట్‌లో దేర్, ఇట్ ఉన్నాయి. వాన పడుతోంది అంటే మనకి వానే కర్త. ఇంగ్లీషులో "ఇట్ ఈజ్ రెయినింగ్", ఆ ఇట్‌కి మన భాషలో మాటే లేదు. ఏమీ సూచించని ఒక మాటని కేవలం క్రియకి ముందు ఖాళీ ఉండకూడదని పెట్టడం మొదట్లో నాకు మింగుడు పడలేదు. క్రియలోనే మనిషి దాగి ఉండే భాష మనది కాబట్టి ఖాళీ మనకి ఖాళీలా కనిపించదు. ఇక 'నాకు ఇద్దరన్నలు', 'నా దగ్గర వంద రూపాయలున్నాయి', 'నాకు జ్వరంగా ఉంది', ఈ మూడూ ఇంగ్లీషులో "ఐ హావ్" అవుతాయి. హావ్ ఇలా వాడతారని 17వ యూనిట్‌లో ఉంది కానీ, మన 'నాకు', 'నా దగ్గర' అన్నీ అక్కడికే చేరతాయన్న మాట పుస్తకంలో దొరకదు. దొరకాలని అడగడం కూడా న్యాయం కాదు. ప్రపంచం మొత్తానికి రాసిన పుస్తకం అది, ఖమ్మం అమ్మాయి 'నాకు' దగ్గర తడబడుతుందని వాళ్ళకెలా తెలుస్తుంది. కానీ ఆ పని చేసే తెలుగు పుస్తకం ఒకటి గట్టిది రావాలి, నేను నిజంగా ఎదురుచూస్తున్నాను.

ప్రశ్నల దగ్గర కూడా నాకు మంచి మార్పు వచ్చింది. 'ఎవరితో మాట్లాడుతున్నారు' అంటే "హూ ఆర్ యు టాకింగ్ టు?" అని టు చివరికి పోతుంది. చివర్న ప్రిపొజిషన్ పెట్టడం తప్పని మా సార్ చెప్పేవారు. మామూలు మాటల్లో అది చివర్నే వస్తుందని 49వ యూనిట్‌లో చూశాక ధైర్యం వచ్చింది. దీంతోపాటు రిలేటివ్ క్లాజులు కూడా చదవండి, 92 నుంచి ఉంటాయి. 'నేను మాట్లాడిన అమ్మాయి' అంటాం మనం. ఆ అమ్మాయితో మాట్లాడానా, ఆ అమ్మాయి గురించి మాట్లాడానా? తెలుగులో ఆ 'తో', ఆ 'గురించి' జారిపోతాయి, సందర్భాన్ని బట్టి అర్థం చేసుకుంటాం. ఇంగ్లీషులో జారనివ్వరు: "ద గర్ల్ ఐ టాక్‌డ్ టు", "ద గర్ల్ ఐ టాక్‌డ్ అబౌట్". మనం ఆ చివరి మాట ఎందుకు మింగేస్తామో నాకు ఇన్నాళ్ళకి అర్థమైంది. మన వాక్యంలో దానికి చోటే లేదు మరి.

ఆఫీసు మెయిళ్ళు రాసేవాళ్ళకి 55, 60 చాలా అవసరం. 55లో "ఐ వాంట్ యు టు కమ్" లాంటివి, మనిషి మధ్యలో, తర్వాత టు. 'మీరు రావాలని' అనుకుని దట్ పెట్టేస్తాం, వాంట్ తర్వాత దట్ రాదు. లెట్, మేక్ తర్వాత టు ఉండదు, "లెట్ హిమ్ గో". 60లో "లుకింగ్ ఫార్వర్డ్ టు మీటింగ్ యు". అక్కడ టు ప్రిపొజిషన్, కాబట్టి మీట్ అని రాయకూడదు, మీటింగ్ అని రాయాలి. నేను పంపిన ఉద్యోగ దరఖాస్తులన్నిట్లో ఇది తప్పే రాశాను.

లోపాలు. పెద్దది ఏంటంటే, ఇది చెవికి ఏమీ నేర్పదు. రాసిన "గివ్ ఇట్ టు హర్" వేరు, ఫోన్‌లో వినపడేది వేరు. మాట్లాడేటప్పుడు ఇంగ్లీషు వాళ్ళు క్రియని గట్టిగా పలికి ఈ చిన్న మాటల్ని మింగేస్తారు: హిమ్‌లో, హర్‌లో హ పోతుంది, టు కాస్తా 'ట' అయిపోతుంది, "టెల్ హిమ్" కలిసిపోయి 'టెలిమ్' అని వినిపిస్తుంది. నాకు ఫోన్‌లో అర్థం కాకపోవడానికి సగం కారణం ఇదే. ఈ విషయం ఈ పుస్తకంలో లేదు, గ్రామర్ పుస్తకం కాబట్టి ఉండదు కూడా, కానీ కొనేముందు తెలిసి ఉండాలి. ఎక్సర్‌సైజుల్లో అన్నీ కరెక్ట్ రాసి, మర్నాడు కౌంటర్లో నోరు పెగలని రోజులు నాకు చాలా ఉన్నాయి. అందుకే ప్రతి యూనిట్ అయ్యాక నా సొంత మనుషులతో పది వాక్యాలు రాసి పైకి చదివేదాన్ని, అదీ పేర్లతో కాకుండా హిమ్, హర్, దెమ్ పెట్టి. "అమ్మకి వివరించాను" అని రాయకుండా "ఐ ఎక్స్‌ప్లెయిన్‌డ్ ఇట్ టు హర్" అని మొత్తం ఒక గుక్కలో. క్రియ, ఇట్, టు, హర్ అన్నీ ఒకే మాట అన్నట్టు నాలుకకి అలవాటు చేశాను. పుస్తకం ఇచ్చినదానికంటే ఈ అలవాటే నన్ను ఎక్కువ మాట్లాడించింది.

రెండోది, వివరణ అంతా ఇంగ్లీషులోనే. తేలిక ఇంగ్లీషే, కానీ వాక్యం చదివి అర్థం చేసుకోలేని వాళ్ళు దీన్ని కొంటే దిగులు పడతారు. అలాంటివాళ్ళకి మర్ఫీ గారిదే ఎర్ర అట్ట పుస్తకం ఉంది, 'ఎసెన్షియల్ గ్రామర్ ఇన్ యూజ్', అది ముందు చేయండి. నీలంది మధ్యస్థాయి వాళ్ళకి. మూడోది, ఇంగ్లీష్ బ్రిటన్‌ది. అమెరికా తేడాలకి చివర్న ఒక అనుబంధం ఇచ్చారు, ఇండియా వాడుక గురించి మాత్రం ఏమీ ఉండదు. మనం 'పాస్ అవుట్' అంటే కాలేజీ పూర్తి చేయడం, బయటివాళ్ళకి అది ఎక్కువగా స్పృహ తప్పడం. ఇలాంటివి అనుభవంతోనే తెలుస్తాయి.

కొనేవాళ్ళకి ఒక్క మాట. అట్ట మీద 'విత్ ఆన్సర్స్' అని ఉందో లేదో చూసుకోండి, జవాబులు లేని ఎడిషన్ కూడా అమ్ముతారు, సొంతంగా చదువుకునేవాళ్ళకి అది దండగ. నేను మొదట ఫుట్‌పాత్ మీద చవగ్గా వస్తుందని ఒక కాపీ కొన్నాను. ఇంటికొచ్చి చూస్తే మధ్యలో 16 పేజీలు లేవు, బొమ్మలన్నీ నల్లగా అలుక్కుపోయాయి. దొంగ ప్రింటు. ఎక్సర్‌సైజుల్లో బొమ్మ చూసి రాయాల్సినవి చాలా ఉంటాయి కాబట్టి అలాంటి కాపీతో పని జరగదు. సెకండ్ హ్యాండ్ తీసుకుంటే ముందు కుడి పేజీలు తిప్పి చూడండి, పాత ఓనరు జవాబులు పెన్నుతో నింపేసి ఉంటే వదిలేయండి.

అయిదుకి నాలుగు ఇస్తాను. టెన్సులు వచ్చి మాటలు అతకనివాళ్ళకి, అంటే నాలాంటివాళ్ళకి, ఇంతకంటే మంచిది నేను చూడలేదు. నా కాపీ ఇప్పుడు మా తమ్ముడి దగ్గరుంది. పాలిటెక్నిక్ చదువుతున్నాడు. 121 నుంచి మొదలుపెట్టమంటే వివరణలే అర్థం కావట్లేదక్కా అన్నాడు, అందుకని మొన్న జీతం రాగానే ఎర్రది కొని పంపించాను.